ఆక్స్‌ఫర్డ్ గీతలు, హైదరాబాద్ సూర్యుడు: ఒక ఆస్ట్రోలేబ్ కేస్ స్టడీ

హైదరాబాద్‌లోని ఒక డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు నా దగ్గరికి ఒక ఇత్తడి ఆస్ట్రోలేబ్ (సూర్యుడి, నక్షత్రాల ఎత్తును బట్టి సమయం చెప్పే పాత పరికరం) తెచ్చారు. పిల్లలకు సైన్స్ పరికరాల నమూనాలు చేసిపెట్టడం, పాతవి బాగుచేయడం నా పని. పరికరం చూడముచ్చటగా ఉంది. బరువైన ఇత్తడి, పైన లతలు చెక్కిన పీఠం, పట్టుకోవడానికి ఉంగరం, ముందువైపు నక్షత్రాల మొనలున్న జాలీ. అమ్మినవాళ్ళు ఇచ్చిన పెట్టె మీద ‘ఓడల దిక్సూచి’ అని రాసుంది.

లెక్చరర్ మేడమ్ నేరుగా విషయానికొచ్చారు. “సార్, ఫిబ్రవరి 20న పొద్దున పిల్లలు సూర్యుడి ఎత్తు కొలిచారు. 40 డిగ్రీలు వచ్చింది. దాన్ని ముందువైపు పెట్టి టైమ్ చూద్దామంటే సూర్యుడు 40వ గీత దాకా రానే రావట్లేదు. జాలీని ఎంత తిప్పినా 20వ గీత కొంచెం దాటి ఆగిపోతోంది. కొలవడంలో తప్పా, పరికరంలో తప్పా?”

కొలతలో తప్పేమీ లేదు. ఫిబ్రవరి 20న హైదరాబాద్‌లో ఉదయం సుమారు 9:43కి సూర్యుడి ఎత్తు సరిగ్గా 40 డిగ్రీలు. తప్పు గీతల్లో ఉంది. అది ఎక్కడెక్కడ ఉందో, ఎలా దొరికిందో, ఏం మార్చామో వివరంగా రాస్తున్నాను. ఇలాంటి అలంకరణ ఆస్ట్రోలేబులు ఇప్పుడు చాలా స్కూళ్ళ షోకేసుల్లో ఉన్నాయి. వాటిని పనిలోకి తేవాలనుకునేవాళ్ళకు ఇది ఉపయోగపడాలని నా కోరిక.

పరికరం ఎలా పనిచేస్తుంది

అడుగున లోతైన పళ్ళెం. దాని అంచు మీద 360 డిగ్రీల గుర్తులు. ఆ లోతులో ఒక పలుచని రేకు కూర్చుంటుంది. దాని మీద ఒక ఊరి ఆకాశం ఉంటుంది: క్షితిజం, దానిపైన ఎత్తు గీతలు, నడినెత్తి. ఆ రేకు కదలదు. దానిమీద జాలీ తిరుగుతుంది. జాలీలో సూర్యుడి దారి అయిన క్రాంతివృత్తం ఒక వలయంగా, ప్రధాన నక్షత్రాలు మొనలుగా ఉంటాయి. వెనకవైపు కంతలున్న చూపుడు పట్టీతో సూర్యుడి ఎత్తో నక్షత్రం ఎత్తో కొలుస్తాం. ముందుకు తిప్పి, ఆ రోజు సూర్యుడి స్థానాన్ని ఆ ఎత్తు గీత మీదికి తెస్తే అంచు మీద సమయం కనిపిస్తుంది.

ఈ పటమంతా ఒకే పద్ధతిలో గీస్తారు. ఆకాశ గోళానికి దక్షిణ ధ్రువం దగ్గర కన్ను పెట్టి చూస్తూ, ప్రతి బిందువునూ మధ్యరేఖ తలం మీదికి దించుతారు. ఈ పద్ధతికి ఒక గొప్ప గుణముంది. గోళం మీది వృత్తం రేకు మీద కూడా వృత్తంగానే పడుతుంది. అందుకే కంపాస్, స్కేలు ఉంటే చాలు, ఆకాశం మొత్తాన్ని గీయొచ్చు. ఖగోళ ఉత్తర ధ్రువం మధ్యలో, మకరరేఖ అన్నిటికంటే బయట ఉంటాయి.

ఈ గుణం వల్లే పరికరాన్ని పరీక్షించడమూ తేలిక. ప్రతి గీతకూ ఒక కచ్చితమైన కొలత ఉండాలి. కొలిస్తే ఆ గీత ఏ ఊరిదో, ఏ కాలానిదో బయటపడుతుంది.

పరీక్ష: మొదట రేకు

మకరరేఖ వృత్తం వ్యాసార్థం 100 మి.మీ. అలాంటప్పుడు మధ్యరేఖ 65.6, కర్కటరేఖ 43.1 మి.మీ. ఉండాలి. కొలిస్తే రెండూ సరిపోయాయి. అంటే ఎవరో తెలిసినవాళ్ళు గీసిన అసలు పటం నుంచే దీన్ని తీశారు.

తర్వాత కేంద్రం నుంచి నడినెత్తి బిందువు దాకా కొలిచాను. 22.8 మి.మీ. వచ్చింది. అక్షాంశాన్ని 90 నుంచి తీసేసి, సగం చేసి, దాని టాంజెంటును మధ్యరేఖ వ్యాసార్థంతో హెచ్చిస్తే ఈ దూరం రావాలి. వెనక్కి లెక్కేస్తే అక్షాంశం 51, 52 డిగ్రీల మధ్య తేలింది. ఈ సైజులో ఒక డిగ్రీ అక్షాంశానికి నడినెత్తి 0.6 మి.మీ. మాత్రమే జరుగుతుంది కాబట్టి ఇంతకంటే కచ్చితంగా చెప్పలేం. చెప్పాల్సిన పనీ లేదు. ఇది దక్షిణ ఇంగ్లండ్ రేకు. 1391లో కవి జెఫ్రీ చాసర్ తన పదేళ్ల కొడుక్కి ఆస్ట్రోలేబ్ నేర్పడానికి ఆక్స్‌ఫర్డ్ అక్షాంశం పెట్టుకుని పాఠం రాశాడు. ఆ కాలపు ఇంగ్లిష్ పరికరాల బొమ్మలు పుస్తకాల్లో విరివిగా దొరుకుతాయి. అలాంటి ఒక బొమ్మే ఈ ఇత్తడి మీదికి ఎక్కినట్టుంది.

హైదరాబాద్‌లో ఈ రేకు ఎంత తప్పు చూపిస్తుంది? జూన్ 21న ఇది చూపే పగలు 16 గంటల 20 నిమిషాలకు పైమాటే. మనకు ఉండాల్సింది 13 గంటల 2 నిమిషాలు. సూర్యాస్తమయం ఒక్కటే గంటా నలభై నిమిషాలు తేడా వస్తుంది. మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతంలో మాత్రం ఏ అక్షాంశపు రేకైనా సూర్యాస్తమయాన్ని 6 గంటలకే చూపించాలి. ఆ రోజుల్లో సూర్యోదయ, సూర్యాస్తమయాలు మాత్రమే చూసి ‘బాగానే ఉంది’ అనుకుంటే మోసపోతాం. అప్పుడు కూడా మధ్యాహ్నపు ఎత్తు ఆక్స్‌ఫర్డ్‌లో 38 డిగ్రీలు, హైదరాబాద్‌లో 72 దాటి ఉంటుంది. కాబట్టి రేకును పరీక్షించాలంటే మధ్యాహ్నపు ఎత్తు చూడాలి.

జాలీలో రెండు తప్పులు

రేకు వేరే ఊరిదైనా తనవరకు తాను సరైనదే. జాలీ సంగతి అలా కాదు.

క్రాంతివృత్తపు వలయం ఒకవైపు కర్కటరేఖను, ఎదురుగా మకరరేఖను తాకాలి. అది తాకుతోంది. కానీ దాని కేంద్రం జాలీ కేంద్రం కాదు, 28.5 మి.మీ. పక్కకి ఉంటుంది. అందుకే ఆ వలయం మీద రాశులు సమానంగా పడవు. మకరం వైపువి వెడల్పుగా, కర్కాటకం వైపువి ఇరుకుగా వస్తాయి. మేషం మొదలు సరిగ్గా వలయమూ మధ్యరేఖా కలిసే చోట ఉండి తీరాలి. ఈ జాలీలో 12 రాశుల్నీ ఆ వలయపు కేంద్రం నుంచి 30 డిగ్రీల చొప్పున సమానంగా కోసేశారు. చూడటానికి పొందికగా ఉంది. లెక్కకు మాత్రం మేషం మొదలు వలయం మీద 23.4 డిగ్రీలు పక్కకి జరిగి, మార్చి 21 నాటి సూర్యుడు ఫిబ్రవరి 25 నాటి చోట కూర్చున్నాడు. పిల్లల కొలత ఇరుక్కుపోయింది రేకు తప్పూ, ఈ రాశుల తప్పూ కలిసే. రేకు ఒక్కటే తప్పయి ఉంటే ఆ రోజు సూర్యుడు కనీసం 27 డిగ్రీల దాకా ఎక్కేవాడు.

రెండోది నక్షత్రాల మొనలు. మఖ మొన తీసుకున్నాను. వలయమూ మధ్యరేఖా కలిసే బిందువు నుంచి అంచు మీద కొలిస్తే 144 డిగ్రీలు వచ్చింది. ఈ రోజుల్లో మఖకు ఉండాల్సింది 152 దాటి. ఈ ఎనిమిది డిగ్రీల పైచిలుకు తేడా అయనచలనం వల్ల, అంటే భూమి అక్షం చాలా మెల్లగా దిశ మార్చుకోవడం వల్ల వచ్చినది. మఖ ఏడాదికి సుమారు 3.2 సెకన్ల కాలం చొప్పున (240 సెకన్లకు ఒక డిగ్రీ) జరుగుతుంది కాబట్టి, ఈ మొన ఆరు వందల ఏళ్ల కిందటి ఆకాశానికి చెందింది. మొన కొస చదవడంలో ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే డెబ్బై అయిదేళ్లు మారతాయి. అయినా 14వ శతాబ్దం చివర, 15వ శతాబ్దం మొదలు అన్న అంచనా నిలుస్తుంది. రేకు చెప్పిన కథకూ ఇది అతికినట్టు సరిపోయింది. మఖను చూసి రాత్రి టైమ్ చెప్పబోతే అరగంట దాటి తప్పు వస్తుంది.

మిగతావి త్వరగా తేలిపోయాయి. అంచు మీది డిగ్రీలు బాగున్నాయి. వెనక ఉన్న నీడ చతురస్రం (ఎత్తులు, దూరాలు లెక్కగట్టే స్కేలు) 12 భాగాలూ సరిగానే ఉన్నాయి. చూపుడు పట్టీ అంచు కేంద్రం గుండా పోవాల్సింది పోయి మిల్లీమీటరున్నర పక్కకి ఉంది. దాన్ని ఆకురాయితో సరిచేశాం.

‘ఓడల దిక్సూచి’ అన్న మాట గురించి కూడా చెప్పాలి. ఓడల్లో వాడిన ఆస్ట్రోలేబ్ వేరు. దానికి రేకులూ జాలీలూ ఉండవు. గాలికి ఊగకుండా బరువుగా పోతపోసిన లోహం, డిగ్రీల గుర్తులు, చూపుడు పట్టీ, అంతే. 1503లో ఒమన్ తీరంలో మునిగిన పోర్చుగీసు ఓడ ఎస్మెరాల్డా శిథిలాల్లో 17.5 సెం.మీ. బిళ్ళ ఒకటి దొరికింది. దానిమీద కంటికి డిగ్రీల గుర్తులే కనబడలేదు. లేజర్ స్కాన్ చేస్తే 5 డిగ్రీలకొకటి చొప్పున 18 గీతలు బయటపడి, అది ఆస్ట్రోలేబే అని తేలింది. ఒక లోహపు బిళ్ళను పరికరంగా నిలబెట్టింది ఆ గీతల మధ్య సమానమైన ఎడమే. అందుకే ఏ పరికరాన్నైనా నేను ముందు గీతల నుంచే మొదలుపెడతాను.

హైదరాబాద్ రేకు

అడుగు పళ్ళెం, ఉంగరం, చూపుడు పట్టీ ఉంచుకుని రేకు, జాలీ కొత్తగా చేద్దామని నిర్ణయించాం. నమూనాకు లాహోరు పద్ధతి తీసుకున్నాను. 16వ శతాబ్దంలో ఉస్తాద్ అల్లాహ్‌దాద్‌తో మొదలైన ఆ కుటుంబం నాలుగు తరాలు ఇదే పనిలో ఉంది. ఆయన మునిమనవడు జియావుద్దీన్ ముహమ్మద్ చేసిన పరికరాలు ఇప్పటికీ చాలా మిగిలున్నాయి. అల్లాహ్‌దాద్ 1567లో చేసిన ఆస్ట్రోలేబ్ మన సాలార్‌జంగ్ మ్యూజియంలోనే ఉంది. శ్రీరాముల రాజేశ్వర శర్మగారు ఆ మ్యూజియం ఖగోళ పరికరాలను వివరంగా నమోదు చేశారు. అంత పని మన ఊళ్ళోనే ఉండగా బొమ్మల పుస్తకాల మీద ఆధారపడనక్కర్లేదు.

లాహోరు వాళ్ళ రేకు మీద అక్షాంశమూ, ఆ ఊళ్ళో అతి పొడవైన పగటి గంటలూ చెక్కి ఉంటాయి. ఇది చాలా మంచి అలవాటు. రేకు ఏ ఊరిదో రేకే చెబుతుంది. మనమూ అలాగే ‘17°24′, 13 గం. 2 ని.’ అని చెక్కాం. జూన్‌లో పేపర్లో వేసే పగటి పొడవు దీనికంటే ఏడెనిమిది నిమిషాలు ఎక్కువ ఉంటుంది. అది గాలి పొరల్లో వెలుగు వంగడం వల్లా, సూర్యబింబం పై అంచు నుంచి లెక్క వేయడం వల్లా వచ్చే తేడా. రేకు తప్పు కాదు.

మన అక్షాంశానికి గీయడం మొదలుపెట్టగానే పటం రూపమే మారిపోయింది. ఆక్స్‌ఫర్డ్ రేకులో క్షితిజం 83 మి.మీ. పైచిలుకు వ్యాసార్థంతో లోతుగా వంగిన గిన్నెలా ఉంటుంది. హైదరాబాద్ క్షితిజం వ్యాసార్థం 219 మి.మీ. రేకు కేంద్రానికి 10 మి.మీ. కిందుగా, దాదాపు అడ్డంగా సాగిపోతుంది. ఆ చాపం కేంద్రం రేకు బయట, 209 మి.మీ. దూరంలో పడుతుంది. మామూలు కంపాస్‌కి అందదు. రేకును పెద్ద చెక్క పలక మీద మేకులతో బిగించి, పొడుగు బీమ్ కంపాస్‌తో గీయాల్సి వచ్చింది. ముందు బయట ఒక సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే చెక్కుడు యంత్రం) షాపులో చెక్కించాం. వాళ్ళ సాఫ్ట్‌వేర్ చాపాన్ని చిన్న చిన్న సరళరేఖల ముక్కలుగా చేసింది. భూతద్దంలో ఆ మూలలు స్పష్టంగా కనబడ్డాయి. పెద్ద వ్యాసార్థాలకు చేతి పనే నయం.

ఎత్తు గీతలు మూడు డిగ్రీలకొకటి వేశాం. ఒక్కో డిగ్రీకి గీస్తే ఈ సైజులో ఇరుకైపోతుంది. అయిదుకొకటి అయితే మధ్యలో అంచనా వేయడం పిల్లలకు కష్టం.

నాకు బాగా నచ్చింది నడినెత్తి చోటు. హైదరాబాద్‌కి అది కేంద్రం నుంచి 48.2 మి.మీ. దూరంలో, కర్కటరేఖ వృత్తానికి బయట పడుతుంది. అంటే సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు దాన్ని దాటి వెళ్తాడు. జాలీ తిప్పితే మే 9 ప్రాంతంలోనూ ఆగస్టు 3 ప్రాంతంలోనూ సూర్యుడి స్థానం సరిగ్గా నడినెత్తి చుక్క మీదికి వచ్చింది. మన దగ్గర నీడలేని రోజులు అవే. ఆ మధ్య నెలల్లో మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. ఆక్స్‌ఫర్డ్ రేకులో నడినెత్తి కర్కటరేఖకి లోపల ఎక్కడో ఉండిపోతుంది. సూర్యుడు దాని దగ్గరికి కూడా రాడు.

కొత్త జాలీ

రాశుల విషయంలో మన దగ్గర ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. ఆస్ట్రోలేబ్ మీద మేషం మొదలంటే మార్చి 21, అది విషువత్తు నుంచి మొదలయ్యే సాయన లెక్క. మన పంచాంగంలో మేష సంక్రమణం ఏప్రిల్ 14 ప్రాంతంలో వస్తుంది, అది నక్షత్రాల ఆధారంగా చేసే నిరయన లెక్క. రెంటి మధ్య తేడా సుమారు 24 డిగ్రీలు. వలయం మీద ‘మేషం’ అని మాత్రమే చెక్కితే ఇంట్లో పంచాంగం చూసే పిల్లలు సూర్యుణ్ని 24 రోజుల దూరంలో పెట్టేస్తారు. మేడమ్‌కి రాశుల పేర్లు తెలుగులో ఉండాలని గట్టి కోరిక. అందుకని పేర్లు ఉంచి, పక్కన ‘సాయన’ అని చెక్కి, వలయం లోపలి అంచు మీద ఇంగ్లిష్ నెలల తేదీలు కూడా వేశాం. వాడేటప్పుడు పిల్లలు చూసేది తేదీలనే.

నక్షత్రాలు ఇప్పటి స్థానాలకు లెక్కకట్టాం. కేంద్రం నుంచి అభిజిత్తు 31.4, స్వాతి 46.6, రోహిణి 49, చిత్త 79.9, మృగవ్యాధుడు 88.2 మి.మీ. రోహిణి దూరం 49, నడినెత్తి దూరం 48.2 అని గమనించండి. జాలీ తిప్పినప్పుడు రోహిణి మొన నడినెత్తి చుక్కకి మిల్లీమీటరు లోపే రాసుకుంటూ పోతుంది. నిజంగానే హైదరాబాద్‌లో రోహిణి దాదాపు నెత్తి మీదుగా వెళ్తుంది. రేకూ జాలీ రెండూ సరిగా కుదిరాయనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు.

జ్యేష్ఠ, అగస్త్యుడు పెట్టమని పిల్లలు అడిగారు. పెట్టలేం. ఇద్దరూ మకరరేఖకి దక్షిణాన ఉంటారు, రేకు అంచు దాటిపోతారు. మన ఆకాశంలో అంత స్పష్టంగా కనబడే నక్షత్రాలు ఈ పరికరంలో లేకపోవడం నాకూ బాధే. 1370లో ఫిరోజ్ షా తుగ్లక్ ఆస్థానంలో మహేంద్ర సూరి సంస్కృతంలో యంత్రరాజం (ఆస్ట్రోలేబ్) గురించి రాసినప్పుడు ఉత్తరపు సౌమ్య యంత్రంతోపాటు దక్షిణపు యామ్య యంత్రాన్నీ వివరించాడు. అగస్త్యుడి కోసం అలాంటిది విడిగా చేయాల్సిందే.

పరీక్షించి చూస్తే

మళ్ళీ అదే ఫిబ్రవరి 20, 40 డిగ్రీల కొలత తీసుకుందాం. జాలీ మీద ఫిబ్రవరి 20 తేదీని 39వ గీతకి మూడో వంతు అవతల పెట్టి, అంచు మీద చదివితే 9:14 వచ్చింది. ఇది హైదరాబాద్ సూర్యుడి సొంత టైమ్. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, హైదరాబాద్ 78.5 దగ్గర ఉంది. ఆ తేడాకి 16 నిమిషాలు కలపాలి. ఫిబ్రవరి మూడో వారంలో సూర్యుడు గడియారం కంటే 14 నిమిషాలు వెనక ఉంటాడు, అదీ కలపాలి. మొత్తం 9:44. లెక్కతో పోలిస్తే ఒక్క నిమిషం తేడా. ఈ రెండో సవరణ ఏడాది పొడవునా మారుతుంది కాబట్టి నెలవారీ పట్టిక ఒకటి కార్డు మీద వేసిచ్చాం. వెనకవైపు చెక్కమన్నారు కానీ నేను వద్దన్నాను. ఆ ఇరుకులో మరో వంకర గీత పడితే నీడ చతురస్రం చదవడం కష్టమైపోతుంది.

పిల్లలు నేరుగా కొలిచినప్పుడు ఉదయం, సాయంత్రం తేడా అయిదారు నిమిషాల్లోపే ఉంటోంది. సూర్యుణ్ని కంత గుండా చూడొద్దని ప్రతిసారీ చెప్పాలి. పై కంత నుంచి దిగిన వెలుగు చుక్క కింది కంత మీద పడేలా పట్టీ తిప్పితే చాలు. మొదటి కొలత తర్వాత పరికరాన్ని వెనక్కి తిప్పి రెండోవైపు కూడా చదివి సగటు తీస్తే ఉంగరం వేలాడటంలోని చిన్న వంకర పోతుంది.

మధ్యాహ్నం దగ్గర కొలవొద్దని పాత పాఠాల్లో ఉంటుంది. డిసెంబరులో అది నిజం. హైదరాబాద్‌లో డిసెంబరు చివర 11 నుంచి 12 వరకు సూర్యుడు ఎక్కేది రెండున్నర డిగ్రీలే, కాబట్టి అర డిగ్రీ తప్పు చదివినా టైమ్ బాగా జారిపోతుంది. మే నెలలో ఆ మాట మనకు వర్తించదు. సూర్యుడు నెత్తిమీదికే వెళ్తున్నప్పుడు గంటకి 14 డిగ్రీలు, నడినెత్తి చేరేదాకా అదే వేగంతో ఎక్కుతాడు. మే రెండో వారంలో పదకొండున్నరకి కొలిచినా కొలత బాగుంటుంది. ఉత్తరాదిలో, యూరప్‌లో రాసిన పాఠాన్ని ఇక్కడ యథాతథంగా చెప్పకూడదనడానికి ఇదొక్కటి చాలు.

ఈ రేకు విశాఖపట్నంలోనూ, వరంగల్‌లోనూ వాడుకోవచ్చు. అక్షాంశం తేడా ఒక డిగ్రీ లోపే. తిరుపతికి కుదరదు, అది 13.6 డిగ్రీల దగ్గర ఉంది. పాత పరికరాల్లో రేకుకి రెండువైపులా రెండు ఊళ్ళు చెక్కేవారు. మేడమ్ సొంతూరు తిరుపతి దగ్గరే. రెండోవైపు దానికి గీయమన్నారు. క్షితిజం వ్యాసార్థం ఈసారి 278 మి.మీ. దాకా పోతోంది. దానికి సరిపోయే పొడుగు కంపాస్ పట్టీ చేయించడానికి ఇచ్చాను. అది రాగానే ఆ వైపు మొదలుపెడతాం.